పసిడి సీమ బొమ్మల పటము

మన గ్రామమునుండి వెడలి కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న యువకుడొకడు రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు ఒక పటమును కానుకగా పంపియున్నాడు. పఠనమందిరములో పత్రికల బల్ల కెదుటి గోడకు అది వ్రేలాడుచున్నది. గడ్డము పెంచిన మనుష్యుడొకడు మోకాలిలోతు నీటిలో నిలిచి పళ్లెము త్రిప్పుచుండుట, సామాను మోయు కంచరగాడిద, ఒక మూల ఎలుగుబంటి, నడుమ రంగురంగుల కొండలు, వాగులు. చదువరులందరును దానిని చూచియే యుందురు. సాయంకాలమున పిల్లలు గుమిగూడి, బంగారమెక్కడ నున్నదని వ్రేళ్లతో వెదకుచున్నారు. వారికి చెప్పవలసిన మాటలు కొన్ని యిక్కడ వ్రాయుచున్నాను.

నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. గొలుసు, గట్టు, సర్వేరాయి ఇవియే నా విద్య. మన గ్రామపటమున బొమ్మ యొక్కటియు లేదు. అయినను ఏ చేను ఎవరి గట్టువరకు పోవునో అది చెప్పును. బొమ్మల పటము ఆ పని చేయదు. అది ఊరి గొప్ప చెప్పును. గొప్ప చెప్పుట తప్పు కాదు. కాని లెక్కలు వ్రాయువాడు జమ చూచిన వెంటనే ఖర్చును కూడ చూడవలెను గదా!

1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన, అమెరికన్ నది యొడ్డున కొలోమా అనుచోట, జాన్ సట్టర్ అను భూస్వామి కొరకు రంపపుమిల్లు కట్టించుచుండిన జేమ్స్ మార్షల్ అను వడ్రంగి, మిల్లునుండి నీరు వెడలు కాలువలో పసుపువన్నె పలుకులను చూచెను. అది బంగారము. తొమ్మిది దినములకు, ఫిబ్రవరి 2వ తేదీన, మెక్సికో దేశము ఒడంబడికపై చేవ్రాలు చేసి కాలిఫోర్నియాను అమెరికా సంయుక్త రాష్ట్రముల వశము చేసెను. అప్పటికి ఆ వార్త ఇరుపక్షములకును తెలియదు.

ఆ యేడు జూలై నెలలో ఆర్డ్ అను సైనికోద్యోగి పసిడి నేలల పటము నొకదానిని గీసెను. అందు బొమ్మలు లేవు. డిసెంబరు 5వ తేదీన అధ్యక్షుడు పోల్క్ తన సందేశములో ఆ వార్త నిజమని ప్రకటించెను. ఇక జనప్రవాహము నాపువారు లేకపోయిరి. ఓడలమీదను, ఎద్దుబండ్లమీదను, ఇంచుమించు మూడు లక్షల మంది తరలివచ్చిరి. 1846లో సుమారు 200 మంది యుండిన శాన్‌ఫ్రాన్సిస్కో 1852 నాటికి 36,000 మంది పట్టణమయ్యెను. మన యిండ్లలో ఆడువారు బియ్యమును గాలించి రాళ్లను అడుగున నిలుపునట్లు, వారు ఇసుకను గాలించి బంగారమును అడుగున నిలిపిరి.

ఆనాటి పటములు దారి తెలుపుటకు పుట్టినవి. జ్ఞాపకము కొరకును, యాత్రికుల వినోదము కొరకును బొమ్మల పటములు తరువాత వచ్చినవి. జో మోరా అను చిత్రకారుడు 1927లో ముద్రింపించిన కాలిఫోర్నియా పటము వానిలో పేరుగాంచినది. హాస్యమును చరిత్రను ఒకే కాగితముపై నింపుట ఆయన నేర్పు. నేడు ఆ పసిడి ఊళ్లను కలుపుచు పోవు రహదారికి, 1849లో వచ్చినవారి జ్ఞాపకముగా, 49 అను సంఖ్యయే యున్నది.

ఇక ఖర్చుల పుట. ఆ కొండలు ఎవరును లేని పోరంబోకు కావు. కొలోమా ప్రాంతము నిసెనాన్ అను ఆదివాసులది. 1848లో ఆ రాష్ట్రమున సుమారు 1,50,000 మంది ఆదివాసులుండగా, 1870 నాటికి సుమారు 30,000 మంది మాత్రమే మిగిలిరి. రోగము, ఆకలి, తుపాకి ఈ మూడును వారిని తుడిచిపెట్టినవి. 2019లో ఆ రాష్ట్ర గవర్నరు ఇందుకై అధికారికముగా క్షమాపణ చెప్పెను. 1850లో విదేశీయులైన త్రవ్వకపుదారులపై నెలకు 20 డాలర్ల పన్ను విధించిరి. మరుసటి యేడు దానిని తీసివేసి, 1852లో 3 డాలర్లుగా మరల విధించిరి. ఆ భారము ముఖ్యముగా చీనీయులపై పడెను. పిమ్మట నీటిధారలతో కొండలనే కరగించిరి. ఆ మట్టి నదులను పూడ్చి, దిగువ రైతుల పొలములలో మేటవేసెను. 1884లో న్యాయస్థానము అడ్డుకొనువరకు అది సాగెను. సట్టరు భూములను వచ్చినవారు ఆక్రమించిరి. అతడు పరిహారము కొరకు అర్జీలు పెట్టుకొనుచునే 1880లో మరణించెను. మార్షల్ పేదరికముతో 1885లో కన్నుమూసెను.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన సీమ కానుకొనియున్న కోలారు గనుల కథయు సర్వేతోనే ఆరంభమైనది. 1802లో మైసూరు రాజ్యపు తూర్పు పొలిమేరను కొలువ వచ్చిన జాన్ వారెన్, బంగారము చూపినవారికి బహుమానమిత్తునని చాటించెను. ఊరిగం గ్రామస్థులు బండితో మట్టిని తెచ్చి, ఆయన యెదుటనే కడిగి, బంగారము తీసి చూపిరి. ఆ గ్రామస్థుల పేళ్లు మన మెరుగము. వారెన్ పేరు మాత్రము ఎరుగుదుము. 1880 తరువాత టేలర్ కంపెనీవారు అక్కడ లోతుగా త్రవ్విరి. తెలుగువారును, తమిళులును కూలికై ఆ గోతులలోనికి దిగి, రాతిపొడిని పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకొనిరి. భూమిలోనికి సుమారు మూడు కిలోమీటర్ల లోతు పోయిన ఆ గనులు 2001 ఫిబ్రవరిలో మూతబడినవి.

భారతములో ధర్మరాజు యుద్ధానంతరము బొక్కసము వట్టిపోగా, వ్యాసుని మాటపై హిమాలయమున నుండిన మరుత్తుని బంగారమును తెప్పించి అశ్వమేధము చేసెను. అందరును పొగడుచుండగా సగము దేహము బంగారమైన ముంగిస యొకటి వచ్చి, ఉంఛవృత్తితో బ్రదుకు పేదవాడు అతిథికి పెట్టిన పేలపిండికి ఈ యజ్ఞము సరిపోలదని చెప్పెను. ఉత్సవమునకు అది అడ్డమని కవులు ఆ ముంగిసను కథనుండి తీసివేయలేదు. అందువలననే అది భారతమైనది.

మన కార్యవర్గమువారు లోపలి గోడపై మన యూరి బొమ్మల పటమును వ్రాయింపదలచినారని వింటిని. సంతోషము. గుడి గోపురము, చెరువు, ఈ గ్రంథాలయము తప్పక వ్రాయింపుడు. వానితోపాటు చెరువు పూడిక తీసిన చేతులను, ఈ గోడలకు మట్టిమోసిన ఆడువారిని, ఊరికి ఎడముగానున్న పేటలను కూడ వ్రాయింపుడు. స్థలము చాలదందురేమో. గోపురమును కొంచెము చిన్నదిగా వేయవచ్చును. రేపు ఆ పేటలనుండి చదువుకొనవచ్చు బిడ్డ గోడవైపు చూచి తన యిల్లెక్కడనని వెదకినప్పుడు, వ్రేలు పెట్టి చూపుటకు చోటుండవలెను.