గేమింగ్ కంప్యూటర్: డబ్బు ప్రాసెసర్ మీద పెట్టాలా, గ్రాఫిక్స్ కార్డు మీదా?

గేమింగ్ కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారు దుకాణంలో ముందు అడిగేది ‘ఐ5 సరిపోతుందా, ఐ7 తీసుకోవాలా?’ అనే. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది మానిటర్ సంగతి.

ఆటలో ప్రత్యర్థి ఎటు కదిలాడు, తూటా ఎక్కడ తగిలింది, తెర మీద ఏమేం గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చూసుకుంటుంది. వాటికి రంగు, వెలుగు, నీడ అద్ది పిక్సెళ్లుగా మార్చేది గ్రాఫిక్స్ కార్డు. ఒకటి ఆలస్యం చేస్తే రెండోది ఎదురుచూడాల్సిందే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల సమయం ఉంటుంది. అదే 144 రావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండదు.

1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 4కేలో సరిగ్గా దానికి నాలుగు రెట్లు. పిక్సెళ్లు పెరిగితే ఆ భారం ఎక్కువగా కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ పని పెద్దగా మారదు. అందుకే 4కే ఆటల్లో ఖరీదైన ప్రాసెసర్ పెట్టినా తేడా అంతగా కనిపించదు. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి 1080పీలో 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవారి సంగతి వేరు. అక్కడ సాధారణంగా ముందు చేతులెత్తేసేది ప్రాసెసరే.

కోర్ల లెక్క చూసి మోసపోవద్దు. రైజెన్ 7 5700ఎక్స్, 5800ఎక్స్3డీ రెండింటికీ 8 కోర్లే. గరిష్ఠ వేగం చూస్తే 5700ఎక్స్‌దే కాస్త ఎక్కువ: 4.6 గిగాహెర్ట్జ్, రెండోదానికి 4.5. అయినా ఆటల్లో 5800ఎక్స్3డీ ముందుంటుంది. కారణం ఎల్3 క్యాష్. మొదటిదానికి 32 ఎంబీ, దీనికి 96 ఎంబీ. కావాల్సిన సమాచారం చిప్‌లోనే దొరికితే ర్యామ్ దాకా వెళ్లే పని తగ్గుతుంది.

కార్డుల్లో చూడాల్సింది మెమరీ. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి 8 జీబీ, 2021 నాటి 3060కి 12 జీబీ. కొత్తది మొత్తం మీద వేగమైనదే, విద్యుత్తూ తక్కువే వాడుతుంది: 170 వాట్ల స్థానంలో 115. కానీ టెక్స్చర్లు హైలో పెట్టి కొత్త ఆటలు ఆడితే 8 జీబీ నిండిపోయి బొమ్మ కుదుపులకు లోనవుతుంది. 1440పీ మానిటర్ కొనేవారికి 8 జీబీ కార్డు సిఫార్సు చేయలేం. సెకండ్ హ్యాండ్‌లో 3060 చూసేవారు ఇంకోటి గమనించాలి. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, దాని మెమరీ బస్ కూడా 192 బిట్ నుంచి 128కి తగ్గింది.

60 ఫ్రేములతో తృప్తిపడే సగటు ఆటగాడికి రైజెన్ 5 5600, కోర్ ఐ5-12400 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. మిగిలింది కార్డు మీద, నమ్మకమైన పవర్ సప్లై మీద పెట్టడం మేలు.

చదువుకూ ఆటకూ ఇంట్లో ఒకటే కంప్యూటర్ అయితే, కాస్త చవకని 12400ఎఫ్ తీసుకోకండి. చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5 5600దీ ఇదే సంగతి. కార్డు వారంటీ సర్వీసుకు వెళ్తే, అది తిరిగొచ్చేదాకా తెర మీద ఏమీ రాదు. 12400 అయితే మదర్‌బోర్డుకున్న హెచ్‌డీఎంఐ పోర్టుకు కేబుల్ పెట్టి కనీసం క్లాసులు వినొచ్చు, అసైన్‌మెంట్లు పూర్తి చేసుకోవచ్చు.