నానా పూసిన కళాయి

ఇంట్లో సర్క్యూట్ బోర్డు చేసుకునేటప్పుడు, ఫెర్రిక్ క్లోరైడ్‌లో అక్కర్లేని రాగంతా కరిగిపోయాక ఎర్రటి గీతలు మిగులుతాయి. వాటినలాగే వదిలేస్తే గాలికి నల్లబడి టంకం పట్టవు. అందుకే రోజిన్ రాసి, వేడి ఐరన్‌తో పల్చగా తగరం పూస్తాం. నేనా పని మొదటిసారి చేస్తుంటే నానీమా చూసి, "అరే బేటా, యే తో కలై హై!" అంది.

మా నానా కలైగర్. వీధిలో చిన్న గుంత తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసి డేగిసాలు కాల్చేవాడు. నౌసాదర్, అంటే నవసాగరం, చల్లగానే తెల్లటి పొగ లేచేది. అది రాగి మీది మకిలి వదలగొట్టేది. వెంటనే తగరం తాకించి దూదితో తుడిస్తే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. బోర్డు మీద రోజిన్ చేసేదీ అదే ఖిద్మత్. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి. ఆ ఫరక్ మీదే ఈ హునర్ నిలబడింది.

దీని తవారీఖ్ చాలా పాతది. తగరం పూసిన రాగి పాత్రల్లో రుచి చెడదనీ, చిలుము పట్టదనీ మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అరబ్బులు తగరాన్ని 'కలఈ' అన్నారు. అది మలయా వైపున్న కలహ్ రేవు నుంచి వచ్చేది, ఆ పేరు మీదే ఆ లఫ్జ్ పుట్టిందంటారు. అదే ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగిళ్లలోకి వచ్చి కళాయి అయింది. మీరెక్కడి వాళ్లని అడిగే దోస్తులకు నేనిచ్చే జవాబు ఇదే: మీ వంటింటి మాటల్లో వెతకండి.

ఇక సర్క్యూట్ బోర్డు సంగతి. 1936లో వియన్నా వదిలి లండన్ చేరిన యూదు ఇంజనీరు పాల్ ఐస్లర్, 1943లో దానికి పేటెంటు కోరాడు. వతన్ వదిలిన మనిషి హునరే ఇవాళ ప్రతి ఇంటి రేడియోలో, టీవీలో ఉంది.

టంకంలో 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉంటే 183 డిగ్రీలకే కరుగుతుంది. పని సులువు. కానీ సీసం జహర్. యూరోపియన్ యూనియన్ 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో దానికి హద్దు పెట్టింది. మా నానాకు ఏ కానూనూ చెప్పలేదు. సీసం కలిపి సస్తాగా పూసేవాళ్లకు గాహకులు పోతున్నా, "పిల్లలు తినే గిన్నెరా" అని కలపలేదు. తర్వాత స్టీలు గిన్నెలొచ్చి ఆ రోజీ కూడా పోయింది.

బడిలో నన్ను 'కళాయోడి మనవడు' అనేవాళ్లు. సిగ్గుతో తల దించుకునేవాణ్ని. ఇప్పుడు నా బల్ల మీద సీసం లేని టంకమే ఉంటుంది. కరగడానికి ఇంకాస్త వేడి కావాలి, అంతే.