పాయింట్-టు-పాయింట్ రేడియో లింకు
పాయింట్-టు-పాయింట్ రేడియో లింకు అనగా రెండు స్థిర స్థానాల మధ్య, ఎదురెదురుగా బిగించిన దిశాత్మక యాంటెన్నాల ద్వారా, కేబుల్ లేకుండా డేటాను చేరవేసే అనుసంధానం. 1931 మార్చి 31న ఇంగ్లిష్ చానల్ మీదుగా డోవర్, కలే ప్రాంతాల మధ్య సుమారు 18 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో జరిగిన ప్రదర్శన దీని తొలి రూపాలలో ప్రసిద్ధం.

యాంటెన్నాలు ఒకదానికొకటి కనిపించినంత మాత్రాన లింకు నిలవదు. వాటిని కలిపే రేఖ చుట్టూ కోలగా విస్తరించే ఫ్రెనెల్ మండలంలో, వ్యాసార్థంలో కనీసం 60 శాతం మేర అడ్డంకి ఉండరాదన్నది ఆచరణలో స్థిరపడిన నియమం. 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద 10 కిలోమీటర్ల లింకుకు ఈ వ్యాసార్థం నడిమధ్యన సుమారు 11.4 మీటర్లు కనుక, రేఖ చుట్టూ దాదాపు 6.8 మీటర్ల ఖాళీ అవసరమవుతుంది. దారిలోని చెట్లు ఇకముందు పెరిగే ఎత్తును కూడా ఇందులో లెక్కించాలి.

లింకును అమర్చేటప్పుడు డిష్ ఆకారపు యాంటెన్నాను అడ్డంగా, నిలువుగా కొద్దికొద్దిగా తిప్పుతూ, అందే సంకేతం గరిష్ఠమైన చోట బోల్టులు బిగిస్తారు. ప్రధాన పుంజానికి పక్కన వెలువడే చిన్న పుంజాన్నే అసలుదిగా పొరబడే అవకాశం ఉన్నందున, కొలిచిన బలాన్ని ముందుగా లెక్కగట్టిన విలువతో సరిచూడటం అత్యవసరం. వాతావరణ ప్రభావమూ ఉంటుంది: 10 గిగాహెర్ట్జ్‌కు పైబడిన పౌనఃపున్యాల సంకేతాలను భారీ వర్షం గణనీయంగా క్షీణింపజేస్తుంది.

ఇటువంటి లింకులు చాలా దూరం కూడా పనిచేయగలవు: 2007లో వెనిజులాలో రెండు ఎత్తైన ప్రదేశాల మధ్య వైఫై పరికరాలతో 382 కిలోమీటర్ల లింకు నెలకొల్పారు.