రాణి కొవ్వొత్తులు, పిరమైన దుకాణం

ఆ కట్టె జర ముందలికి ఎగదొయ్యి బిడ్డా, మంట తగ్గుతున్నది. మీ అత్త లండన్ నుంచి తెచ్చిన చాయ్‌పత్తి ఇంత పిరమెందుకని అడిగితివి గద? ఆకు మన అస్సాందే, ఇంత సిలోన్‌ది కలిపిన్రు. 1902ల ఎడ్వర్డ్ రాజు కోసం కలిపిన చాయ్ అది. పిరమంతా అది అమ్మే దుకాణం పేరుకే.

ఆ దుకాణం పెట్టింది ఓ నౌకరు, ఎరుకేనా? 1707ల, ఇక్కడ ఔరంగజేబు సచ్చిపోయిన ఏడే. అక్కడ ఆన్ రాణి ఏలుతుండె. ఆమె మహల్ల దినాం రాత్రి కొత్త కొవ్వొత్తులే ఎలగాలె. నిన్న సగం కాలినయి నౌకర్లకు దస్తూరి. విలియం ఫోర్ట్‌నమ్ అనేటోడు వాటిని బయట అమ్ముకునేది. మంచి మైనం, ఊకె దొరికే సరుకు కాదు, కొననీకి ఎగబడేటోళ్ళు. చేతిల నాలుగు పైసలు ఆడంగనె, తాను కిరాయికున్న ఇంటి ఆసామి హ్యూ మేసన్‌ను కలుపుకున్నడు. ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ గట్ల పుట్టింది. పికాడిలీ బజార్ల ఇప్పటికీ నడుస్తున్నది. దుకాణం ముంగట 1964ల పెద్ద గడియారం పెట్టిన్రు. గంట కొట్టినప్పుడల్లా ఇద్దరి బొమ్మలు బయటికొచ్చి ఒకరికొకరు వంగి దండం పెట్టుకుంటయి. నౌకరూ ఇంటి ఆసామీ అంత మర్యాదగ ఉన్నరో లేదో గని, బొమ్మలైతే మస్తుగుంటయి.

1886ల అమెరికా నుంచి హైన్జ్ అనే ఆసామి తన సరుకు పట్టుకొచ్చి ఈ దుకాణంల చూపెట్టిండు. దుకాణపోళ్ళు మొత్తం తీసుకున్నరు. ఆయన డబ్బాల చిక్కుడుగింజలు గూడ మొదట్ల గొప్పోళ్ళ తిండే! ఇయ్యాల అక్కడ కాలేజీ పోరగాండ్లు వంట రాకపోతే రొట్టె మీద పోసుకొని తింటరు.

అసలు నవ్వొచ్చేది 1922ల ముచ్చట. తెల్లదొరలు ఎవరెస్టు ఎక్కుతమని డార్జిలింగ్ నుంచి బయలెల్లిన్రు. వాళ్ళకు ఈ దుకాణం కట్టిచ్చిన సామాన్ల ఏమున్నయనుకున్నవ్? బాతు కార్జంల పెట్టిన కౌజుపిట్టలు, 60 డబ్బాలు. షాంపేను, 48 సీసలు. ఊపిరి ఆడని కాడికి పోతూ సారా సీసలు! మోసింది దొరలా? పశువులు కొంత దూరం, ఆ పైన షెర్పాలు, కొండ కూలోళ్ళు. ఆ ఏడు కొన దాకా ఎవ్వలూ పోలే. మంచు ఇరిగి మీద పడి ఆ మోసేటోళ్ళల్ల ఏడుగురు సచ్చిపోయిన్రు.