పురుగుమందు, క్యాన్సరు: ఒక పాత ప్రశ్న చరిత్ర

మన పల్లెల్లో వైద్యుడు ఇచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ‘ఫలానా అతను మందు తాగాడు’ అని రాత్రివేళ ఆసుపత్రికి కబురు వస్తే, ఏ మందో విడమరచి అడగవలసిన పని ఏ వైద్యునికీ ఉండదు. ఆ విషం గుక్కెడు లోపలికి పోతే ఎంత వేగంగా ప్రాణం తీస్తుందో మనకు బాగా తెలుసు. అదే విషం కొద్దికొద్దిగా చర్మం ద్వారా, ఊపిరి ద్వారా, తాగే నీటి ద్వారా ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే ఏమవుతుంది? అది క్యాన్సరుకు దారి తీస్తుందా? పాఠకులు తరచు అడిగే ఈ ప్రశ్నకు అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉన్నది. అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం కంటే, ఆ జవాబు కోసం శాస్త్రజ్ఞులు పడిన పాట్లు చెప్పడమే ఉపయోగకరమని నా అభిప్రాయం.

డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉన్నదని స్విట్జర్లండు రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది, అదీ వైద్యశాస్త్రంలో! టైఫస్, మలేరియాల నుండి అసంఖ్యాక ప్రజలను కాపాడిన పదార్థానికి ఆ గౌరవం అనుచితమని అనలేము. యుద్ధం ముగిసిన 1945 నుండి అది అమెరికాలో సామాన్య ప్రజలకూ అందుబాటులోకి వచ్చింది. పొలాల మీదా, వీధుల్లోనూ, ఇళ్ళలోనూ విచ్చలవిడిగా చల్లారు. 1962లో రేచెల్ కార్సన్ రచించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ వెలువడిన తరువాతనే జనం ఉలిక్కిపడ్డారు. ఆ పుస్తకం రాస్తున్న కాలంలోనే ఆమె రొమ్ము క్యాన్సరుతో పోరాడుతూ ఉండేది. 1964లో దానితోనే మరణించింది. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. మన దేశంలో వ్యవసాయానికి దాని వాడకం 1989లో ఆగినా, దోమల నివారణకు కొనసాగింది.

నిషేధం ఒకటి, నిరూపణ ఒకటి. 1993లో న్యూయార్కు పరిశోధకురాలు మేరీ వుల్ఫ్, ఆమె సహచరులు రొమ్ము క్యాన్సరు వచ్చిన 58 మంది స్త్రీల రక్తాన్ని పరిశీలించి, డి.డి.టి. నుండి పుట్టే డి.డి.ఇ. ఎక్కువగా ఉన్నవారికి ముప్పు నాలుగింతలని ప్రకటించారు. మరుసటి ఏడే నాన్సీ క్రీగర్ బృందం కాలిఫోర్నియాలో అటువంటి సంబంధమేమీ కనిపించలేదని చెప్పింది. న్యూయార్కు సమీపాన ఉన్న లాంగ్ ఐలండు స్త్రీలు తమ ప్రాంతంలో రొమ్ము క్యాన్సరు ఎక్కువగా ఉన్నదని పట్టుబట్టగా, 1993లో ఏకంగా చట్టం ద్వారానే ఒక పెద్ద పరిశోధన మొదలయింది. 2002లో ఫలితం వచ్చింది: డి.డి.టి. జాతి మందులకూ వారి రొమ్ము క్యాన్సర్లకూ సంబంధం కానరాలేదు. ఆ స్త్రీలు ఎంత నిరాశ చెంది ఉంటారో ఊహించవచ్చు. చాలామంది ఆ అధ్యాయం ముగిసిందనే భావించారు.

అది ముగియలేదు. కాలిఫోర్నియాలోని ఓక్లండు ప్రాంతంలో జేకబ్ యెరుషాల్మీ అనే శాస్త్రజ్ఞుడు 1959లో గర్భిణులపై ఒక దీర్ఘకాలిక అధ్యయనం ఆరంభించాడు. 1967 వరకు చేరిన వేలాది గర్భిణుల రక్తం తీసి, సీరాన్ని శీతల పేటికల్లో భద్రపరిచారు. ముందు తరం వారు దాచిన ఆ గాజు గొట్టాలు నలభై ఏళ్ళ తరువాత బార్బరా కోన్ బృందానికి అక్కరకు వచ్చాయి. 2007లో వారు ప్రచురించిన పరిశోధనలో యాభై ఏళ్ళ లోపు రొమ్ము క్యాన్సరు వచ్చిన 129 మందిని, రాని 129 మందితో పోల్చారు. మొత్తం స్త్రీలను ఒక్క ముద్దగా చూస్తే పెద్దగా తేలనిది, పుట్టిన సంవత్సరాన్ని బట్టి విడదీయగానే బయటపడింది. 1931 తరువాత పుట్టినవారిలో, అంటే 1945లో డి.డి.టి. విస్తృతంగా వాడుకలోకి వచ్చేనాటికి పధ్నాలుగేళ్ళు నిండనివారిలో, రక్తంలో డి.డి.టి. హెచ్చుగా ఉన్నవారికి ముప్పు ఐదింతలు! అంతకు ముందు పుట్టినవారిలో అటువంటి సంబంధమే లేదు. 2015లో అదే బృందం ఆ గర్భిణుల కూతుళ్ళను పరిశీలించింది. తల్లి కడుపులో ఉండగా డి.డి.టి. ప్రభావానికి ఎక్కువగా లోనయిన కూతుళ్ళకు ముప్పు దాదాపు నాలుగింతలు ఉన్నట్లు తేలింది.

లోపం ఎక్కడున్నదో ఇప్పుడు అర్థమవుతుంది. వ్యాధి బయటపడే వయసుకు, యాభై అరవై ఏళ్ళకు, రక్తం తీసి చూస్తే అందులో కనిపించేది పాత కథలో మిగిలిన నుసి మాత్రమే. రొమ్ము కణజాలం ఎదిగే వయసులో, పదేళ్ళ పాపగా ఉన్నప్పుడు ఏమి జరిగిందో ఆ రక్తం చెప్పదు. లాంగ్ ఐలండు పరిశోధకులు నిజాయితీగానే పని చేశారు. అయితే వారు రక్తాన్ని చూసిన కాలం వేరు, విషం పని చేసిన కాలం వేరు.

మన దేశంలో అటువంటి పాత రక్తనిధి చేతికి అందేటట్లు లేదు. మన కథ సర్వేలతో మొదలయింది. పంజాబులో సట్లెజ్ నదికి దక్షిణాన ఉన్న మాల్వా ప్రాంతం పత్తికి పేరు పొందినది. 1990లలో శనగపచ్చ పురుగు విజృంభించి, ఒక మందుకు లొంగకపోతే మరొకటి, అదీ చాలకపోతే రెండు కలిపి రైతులు కొట్టసాగారు. గుంటూరు, వరంగల్లు రైతులకు ఈ వర్ణన పరిచితమే. 1997–98లో లద్దెపురుగు పత్తిని తినివేయగా వరంగల్లు ప్రాంతంలో ఎందరో రైతులు ఆ మందునే తాగి ప్రాణాలు తీసుకున్నారు.

మాల్వా పల్లెల్లో క్యాన్సరు ఎక్కువైందన్న ఆందోళన పెరిగింది. భటిండా మీదుగా రాజస్థానులోని బికనీరుకు రాత్రిపూట వెళ్ళే పాసింజరు బండికి ‘క్యాన్సరు రైలు’ అని పేరు పడింది. పత్రికలు ఆ పేరును దేశమంతటా చాటాయి. నా దృష్టిలో ఆ రైలు వ్యాధి ఎంత ఉన్నదో చెప్పిన దాని కంటే, చౌకగా వైద్యం చేసే ఆసుపత్రి మాల్వాలో లేదన్న సంగతినే గట్టిగా చెప్పింది.

చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ నిపుణులు పత్తి పండే తల్వండీ సాబో బ్లాకులోనూ, పోలిక కోసం ఉత్తరాన ఉన్న చమ్‌కౌర్ సాహిబ్ బ్లాకులోనూ ఇంటింటికీ తిరిగారు. 2005 నాటి వారి నివేదిక ప్రకారం లక్ష జనాభాకు నిర్ధారితమైన క్యాన్సరు రోగులు మొదటి చోట 103 మంది, రెండవ చోట 71 మంది. తల్వండీ సాబోలో తాగునీటిలోనూ, కూరగాయలలోనూ, రక్తంలోనూ కొన్ని పురుగుమందుల అవశేషాలు అధికంగా ఉన్నాయి. నీటిలో ఆర్సెనిక్ వంటి లోహాలు కూడా ఎక్కువగానే ఉన్నాయి. కారణాలు అనేకమై ఉండవచ్చునని పరిశోధకులు జాగ్రత్తగానే రాశారు. ఆ జాగ్రత్త వార్తల్లోకి ఎక్కలేదు.

2012 డిసెంబరులో పంజాబు ప్రభుత్వం రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే జరిపించింది. సుమారు 24 వేల మంది రోగులు, అనుమానించదగిన లక్షణాలున్నవారు మరొక 84 వేల మంది ఉన్నట్లు తేలింది. లక్షకు 90 మంది అన్న సగటులో మాల్వా జిల్లాలదే పైచేయి. కానీ 2013 నుండి టాటా మెమోరియల్ ఆసుపత్రి సహకారంతో చండీగఢ్, మొహాలీ, సంగ్రూర్, మాన్సాలలో క్యాన్సరు రిజిస్టర్లు నడపగా మరొక విచిత్రం బయటపడింది. ఏటా కొత్తగా వచ్చే క్యాన్సర్ల రేటు పత్తి పండే మాన్సాలో కంటే, పక్కనున్న సంగ్రూరులో కంటే, నగరాలైన చండీగఢ్, మొహాలీలలోనే ఎక్కువ!

మరి ఏది నిజం? రెండూ నిజమే కావచ్చు. సర్వే లెక్కించినది ఆనాటికి జీవించి ఉన్న రోగులను, అదీ ఇంటివారు చెప్పగా. రిజిస్టరు లెక్కించేది ఆ ఏడు కొత్తగా నిర్ధారణ అయినవారిని, వయసుల తేడాను సవరించి. నగరంలో పరీక్షించే వైద్యుడు అందుబాటులో ఉంటాడు కనుక వ్యాధి దొరుకుతుంది. పల్లెలో కొన్ని మరణాలు పేరు పెట్టకుండానే దాటిపోతాయి. నగర జీవనం తెచ్చిపెట్టే ముప్పులూ వేరే ఉన్నాయి. ఇందువల్ల పురుగుమందు నిర్దోషి అని తేలిపోదు. 1993లో అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మందు కొట్టేవారినీ, వారి జీవిత భాగస్వాములనూ సుమారు 89 వేల మందిని చేర్చుకొని ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆ రైతులలో మొత్తం మీద క్యాన్సరు సామాన్య జనం కంటే తక్కువే, ఎందుకంటే వారు పొగ తాగేది తక్కువ. అయినా ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు మాత్రం వారిలో ఎక్కువగా కనిపించింది. జిల్లా మొత్తానికి కట్టిన ఒక్క సంఖ్య వెనుక, వీపున పంపు మోసే కొందరి కథ అట్టే దాగిపోగలదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లిండేనును క్యాన్సరు కారకమని తేల్చి చెప్పింది. డి.డి.టి., మలాథియాన్, గ్లైఫోసేటులను ‘బహుశా కారకాలు’ అన్న వర్గంలో చేర్చింది. గ్లైఫోసేటు మీద వివాదం నేటికీ నడుస్తున్నది.

ఇక సర్వేలో తేలిన ఆ 84 వేల మంది సంగతి. లక్షణాలున్నవారిని ఏరడాన్ని చాలామంది ‘స్క్రీనింగు’ అంటున్నారు. అది సరికాదు. ఏ బాధా లేనివారిని పరీక్షించి, ముదరకముందే, వీలైతే పుట్టకముందే వ్యాధిని పట్టుకోవడమే స్క్రీనింగు. మాన్సాలో స్త్రీలకు ఎక్కువగా వచ్చేవి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. రెండవదానికి మూలం పురుగుమందు కాదు, హెచ్.పి.వి. అనే వైరస్. దానిని ముందే పట్టుకునే ఉపాయం పల్లెల కోసమే మన దేశంలో పరీక్షకు నిలిచింది.

మహారాష్ట్రలో షోలాపూరు జిల్లాకు చెందిన బార్శీలో 1987లో దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సరు రిజిస్టరు నెలకొన్నది. రోగులు ఆసుపత్రికి రారు కనుక కార్యకర్తలే ఊరూరా తిరిగి, లక్షణాలను వివరిస్తూ లెక్క రాశారు. కొన్నేళ్ళకు తొలి దశలోనే వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రోగుల పాలు పెరిగింది. లెక్క రాయడమే కొంత వైద్యమయింది! ఆ అనుభవం మీదనే పక్కనున్న ఉస్మానాబాదు జిల్లాలో 1999లో పెద్ద ప్రయోగం జరిగింది. ఒకనాటి నైజాం రాజ్యంలోని జిల్లా అది, అప్పట్లో దాని పేరు కూడా చివరి నిజాముదే. 52 గ్రామ సముదాయాలలో 30–59 ఏళ్ళ స్త్రీలు 1,31,746 మంది ఇందులో చేరారు. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసిన వర్గంలో ఎనిమిదేళ్ళలో ఆ క్యాన్సరుతో 34 మంది మరణించగా, పరీక్ష చేయని వర్గంలో 64 మంది మరణించారు. 2009లో ఈ ఫలితం వెలువడింది. పరీక్ష చేయకుండా విడిచిన ఆ స్త్రీల విషయంలో నైతికత గురించి తీవ్రమైన విమర్శలు వచ్చాయి. అవి తేలికగా కొట్టివేయదగినవి కావు.

2016లో కేంద్రప్రభుత్వం ముప్పై ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు అయిదేళ్ళకొకసారి జరపాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పల్లెల్లో ముఖద్వారానికి పలుచని ఎసెటిక్ ఆమ్లం, అంటే వినిగరులోని ఆమ్లమే, అద్ది తెల్లబారుతుందేమో చూస్తారు. నిమిషాల పని. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడో ఒకప్పుడు ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

మందు కొట్టే ఇళ్ళలోని స్త్రీలు, ఆ చేలలో కలుపు తీసే, పత్తి ఏరే స్త్రీలు కొందరు, ‘రక్తంలో విషం ఎంత ఉన్నదో చూసి క్యాన్సరు వస్తుందో రాదో చెప్పే పరీక్ష ఉన్నదా’ అని అడుగుతారు. అటువంటి పరీక్ష ఏదీ లేదు. ముఖద్వార పరీక్ష ఉన్నది, రొమ్మును వైద్యురాలు చేతితో చూసే పరీక్ష ఉన్నది, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు. ఇంట్లో ఎదిగే వయసు ఆడపిల్లలుంటే, మందు కలిపే బకెట్టునూ, కొట్టి వచ్చిన బట్టలనూ వారి చేత కడిగించకండి.