నాసిక్ వైన్ పరిశ్రమ

ఇది మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా ద్రాక్ష తోటల మీద ఎదిగిన పరిశ్రమ. ఇక్కడి పంటలో అత్యధిక భాగం థాంప్సన్ సీడ్‌లెస్ వంటి తినే రకాలదే. వైన్‌కు వెళ్లేది కొద్ది భాగమే. రాజీవ్ సామంత్ స్థాపించిన సులా వైన్ సంస్థ, 2001లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన వైన్ విధానం ఈ పరిశ్రమకు ఊపునిచ్చాయి. షెనిన్ బ్లాంక్, షిరాజ్ ముఖ్యమైన వైన్ రకాలు.

చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ ఆ నిద్ర లేదు. అందుకే తినే ద్రాక్ష రైతు ఏటా రెండుసార్లు కత్తెర పడతాడు: ఏప్రిల్‌లో కొమ్మల కోసం, అక్టోబరు ప్రాంతంలో కాయల కోసం. రెండో కత్తిరింపు తర్వాత మొగ్గలన్నీ ఒక్కసారిగా చిగురించేందుకు హైడ్రోజన్ సయనమైడ్ ద్రావణాన్ని గుడ్డతో కణుపు కణుపుకూ అద్దుతారు. ఇంతా చేశాక, పూత వేళ అకాల వర్షం పడిందా, బూజు తెగులు గుత్తులను మాడ్చేస్తుంది. కోత ముందు పడితే పండ్లు పగులుతాయి.

వైన్ అమ్మకం మరో చిక్కు. ఎక్సైజ్ నిబంధనలు, పన్నులు రాష్ట్రానికో తీరు కావడంతో నాసిక్ సీసా పొరుగు రాష్ట్రంలో దాదాపు విదేశీ సరుకే. 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి మహారాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలపగా నిరసనలు రేగాయి. తోటల సందర్శన మాత్రం మంచి రాబడి మార్గమైంది.