ముద్దుపళనికొక తూనిక, మగకవులకొక తూనిక



భాషాప్రవీణ పరీక్షలో ముద్దుపళనిని గూర్చిన ప్రశ్నకు, ఆమె కావ్యం అశ్లీలమని నిస్సంకోచంగా వ్రాశాను. అప్పటికి ఆ పుస్తకం నేను కంటితోనైనా చూడలేదు. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి.

తంజావూరును 1739 నుండి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని. ఆమె 'రాధికా సాంత్వనము' నాలుగాశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళకు కృష్ణునితో పెండ్లి చేసిన రాధ, పిదప విరహంతో వేగిపోయి, అలిగి, కృష్ణుని చేత బతిమాలించుకుంటుంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని, మృదువైన శైలిని మెచ్చుకున్నారు. ఆ వెంటనే, అందులోని కొన్ని మాటలు స్త్రీ నోట రాదగినవి కావని నిందించారు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన మహనీయుడాయన. అంతటివారికే ఈ పొరపాటు తప్పలేదు. దోషం పద్యానిదే అయితే శ్రీనాథుని నైషధాన్నీ అదే త్రాసులో వేయాలి గదా! క్షేత్రయ్య నాయిక గొంతుతో ఎంత చనువుగా పాడినా మనకది మధురభక్తి; నిజంగా స్త్రీయే ఆ మాట అంటే సిగ్గుమాలినతనం!

ఈ మాట నాకంటె ఎంతో ముందే బెంగుళూరు నాగరత్నమ్మగారు అడిగారు. 1910లో వావిళ్ళవారి ద్వారా ఆ కావ్యాన్ని సమగ్రంగా వెలువరిస్తూ, సిగ్గు ఆడవారికేనా, మగవారికి అక్కరలేదా అని నిలదీశారు. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన 'వైజయంతీ విలాసము'ను ఎత్తిచూపారు. సమాధానంగా వచ్చింది విమర్శ కాదు, పోలీసులు! 1911లో ప్రతులు స్వాధీనమయ్యాయి, నిషేధం పడింది. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946-47 కాలంలో గాని అది తొలగలేదు. వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేసిన 1952లోనే నాగరత్నమ్మగారు కన్నుమూశారు.

ఉద్యోగంలో చేరిన చాలాకాలానికి ఆ కావ్యం చదివాను. నా పరీక్షాపత్రం కంటె మరొకటి గుర్తుకొచ్చి తలవంచుకున్నాను. మా బడి లిఖితపత్రికకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వెన్నెలరాత్రి మీద చెరొక పద్యం తెచ్చారు. రెంటిలోనూ కాస్త వలపు ఉంది. అబ్బాయిని భుజం తట్టాను. అమ్మాయిని పక్కకు పిలిచి, "నీకెందుకమ్మా ఇలాంటివి?" అన్నాను.

నిజానికి ఛందస్సు తప్పింది అబ్బాయి పద్యంలోనే. ఆ అమ్మాయి మళ్ళీ నాకు పద్యం చూపలేదు.